చిన్న ఊరి ఖరీదైన ఇన్‌లో డిన్నర్: అమ్మానాన్నల పెళ్లిరోజుకి తీసుకెళ్లొచ్చా?

వెన్నెలదారి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. వచ్చే నెలకి అమ్మానాన్నల పెళ్లయి 40 ఏళ్లు. ఇద్దరినీ ఒక చిన్న ఊళ్లో ఉన్న పేరున్న ఇన్‌కి తీసుకెళ్దామని అనుకుంటున్నాం. పైన పది పన్నెండు గదులు, కింద రెస్టారెంటు, రాత్రికి ఒకటే మెనూ, ఏడు కోర్సులు (అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఏడు వంటకాలు), మనం ఎంచుకునేది ఏమీ ఉండదు, వాళ్లు ఏది పెడితే అది. ఫోటోలు చూస్తే ప్రాణం లేచొస్తోంది. కానీ బుక్ చేయాలంటే భయం వేస్తోంది, ఎందుకంటే రెండేళ్ల క్రితం ఇలాంటిదే వేరే చోటికి వెళ్లి చేదు అనుభవంతో తిరిగొచ్చాం.

అక్కడ ఏం జరిగిందంటే, మూడో కోర్సు అయ్యాక నాలుగోది రావడానికి 50 నిమిషాలు పట్టింది. మధ్యలో ఎవరూ వచ్చి ఒక్క మాట చెప్పలేదు. అది ఎలాగోలా సర్దుకోవచ్చు. మా అమ్మ శాకాహారి, ఆన్‌లైన్ బుకింగ్ ఫారంలో ఆ సంగతి రాశాను, అయినా ఆవిడకి వచ్చినవన్నీ మా ప్లేట్లలో మాంసం పక్కన అలంకారానికి పెట్టిన కూరగాయ ముక్కలే. మా ప్లేటులోంచి మాంసం తీసేస్తే ఏం మిగులుతుందో అదే ఆవిడ భోజనం. బిల్లులో మాత్రం అందరికీ ఒకటే రేటు. అమ్మ ఏమీ అనలేదు, "బాగానే ఉందిలే" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది. మేమూ అక్కడ నోరు విప్పలేదు, ఇంటికొచ్చాక మాత్రం తెగ బాధపడ్డాం.

ఇప్పుడు వెళ్దామనుకుంటున్న చోటికి మిషలిన్ స్టార్ (మిషలిన్ గైడ్ మంచి రెస్టారెంట్లకి ఇచ్చే గుర్తింపు) ఒకటి ఉంది. స్టార్ ఉందంటే నమ్మొచ్చా? నాన్నకి 71, నడుంనొప్పి, చెవి కొంచెం తక్కువ. భోంచేసి రాత్రికి తిరిగొచ్చేయాలా, లేక అక్కడే గది తీసుకోవాలా? ముందుగా వాళ్లకి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఇలాంటి చోట్లకి వెళ్లినవాళ్లు, పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి. ఈసారి అమ్మ నోటి నుంచి ఆ "బాగానే ఉందిలే" రాకూడదు.

పాతవంటిల్లు:

నేను ఇలాంటి ఇన్ వంటగదిలోనే ఆరేళ్లు పనిచేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

మొదట ఆ 50 నిమిషాల సంగతి. పెద్ద సిటీ హోటల్లో వంటగదికి పాతికమంది ఉంటారు. చిన్న ఊరి ఇన్‌లో మేం నలుగురం, రాత్రికి 34 మందికి వండేవాళ్లం. ఒకరికి జ్వరమొస్తే ఆ చోట నిలబెట్టడానికి ఆ ఊళ్లో ఇంకో వంటవాడు దొరకడు. పైగా అందరూ 7:30కే టేబుల్ అడుగుతారు. ఐదారు టేబుళ్లు ఒకేసారి కూర్చుంటే మొదటి రెండు కోర్సులు ఎలాగూ చల్లటివే, ముందే సర్ది పెట్టుకుంటాం కాబట్టి చకచకా వెళ్లిపోతాయి. చిక్కంతా వేడి కోర్సు దగ్గరే. చేప అప్పటికప్పుడు వేయించాలి, మాంసం కాల్చాక కాసేపు పక్కన పెట్టాలి, లేకపోతే కోయగానే రసమంతా పలక మీదికి కారిపోతుంది. ఉన్నవి రెండు పొయ్యిలు. అందుకే మీకు మూడుకీ నాలుగుకీ మధ్యే ఆలస్యమైంది. ఆలస్యం అవడం తప్పని నేను అనను, వచ్చి చెప్పకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పే. మా దగ్గర పావుగంట దాటితే టేబుల్ దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లి చెప్పి తీరాలి, అది నియమం.

మీరు చేయాల్సింది, మొదటి టైమ్ తీసుకోండి. 6 గంటలు కానీ, 6:15 కానీ, వాళ్లు ఎప్పుడు తలుపు తీస్తే అప్పుడు. వంటగది అప్పుడు చురుగ్గా ఉంటుంది, పొయ్యి మీద మీ టేబుల్ ఒక్కటే ఉంటుంది. నాన్నగారి నడుముకీ అదే మంచిది.

ఇంకో చిన్న విషయం, చాలామందికి తెలియదు. ఫిక్స్‌డ్ మెనూలో ఒక టేబుల్‌కి కోర్సు అందరికీ ఒకేసారి వెళ్లాలి. మీలో ఒకరు లేచి బాత్‌రూమ్‌కి వెళ్తే సర్వర్ వెంటనే లోపలికొచ్చి చెప్తాడు, మేం ఆ టేబుల్ ఆపేస్తాం. వాళ్లు తిరిగొచ్చేసరికి వేడిది చల్లారిపోయి ఉంటే మళ్లీ మొదట్నుంచి చేస్తాం. కాబట్టి లేవాల్సి వస్తే ప్లేటు తీసేసిన వెంటనే లేవమనండి, తర్వాతి ప్లేటు రాబోయే ముందు కాదు.

ఇప్పుడు అమ్మగారి విషయం. ఆన్‌లైన్ ఫారంలో రాసింది షెఫ్ దాకా చేరుతుందని నమ్మకండి. ఫోన్ చేయండి. అదీ సాయంత్రం వద్దు, మధ్యాహ్నం మూడూ నాలుగూ మధ్య చేయండి, అప్పుడు వంటగదిలో మాట్లాడే తీరిక ఉంటుంది. "శాకాహారి" అని ఒక్క ముక్క చెప్తే సరిపోదు, ఏమేం తినరో విడదీసి చెప్పాలి. మాంసం ముక్క కనబడకపోతే అది శాకాహారమే అనుకునే వంటవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సూప్‌లోనూ సాస్‌లోనూ ఎముకలు మరిగించిన స్టాక్ ఉంటుంది. డెజర్ట్ గడ్డకట్టడానికి జెలటిన్ వేస్తారు, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి వచ్చేది. పార్మిజియానో రెజియానో చీజ్ అయితే దూడ కడుపులోని రెన్నెట్‌తోనే (పాలు విరగ్గొట్టే పదార్థం) చేయాలని వాళ్ల నిబంధన. సాస్‌ల్లో చేపలు కలిసినవీ ఉంటాయి. గుడ్డు తింటారా లేదా అన్నది మరీ ముఖ్యం. అది చెప్పకపోతే ఆఖరి నిమిషంలో డెజర్ట్ మొత్తం పోతుంది.

వారం ముందు చెప్పండి. చిన్న ఊళ్లో సరుకు వారానికి రెండు మూడుసార్లే వస్తుంది, ఆ రోజు మధ్యాహ్నం చెప్తే ఉన్నదాంట్లోంచి తీసేయడం తప్ప ఏం చేయలేం. మీ అమ్మగారికి జరిగింది బహుశా అదే, మీరు రాసినా వాళ్లు ఆ రోజే చూసుంటారు. వారం ముందు తెలిస్తే మాత్రం షెఫ్‌కి అది ఇష్టమైన పని అవుతుంది. రోజూ అవే ఏడు ప్లేట్లు చేసి విసిగిపోయి ఉంటాం, ఒక కొత్త ప్లేటు ఆలోచించమంటే సంతోషంగా చేస్తాం. ఫోన్లో ఇలా అడగండి: "మా అమ్మకి ఏడు కోర్సుల్లో ఏమేం పెడతారో దయచేసి మెయిల్లో పంపగలరా?" పంపారంటే ఆలోచించారన్నట్టే. "అదేం పర్వాలేదండి, చూసుకుంటాం" అని తప్పించుకుంటే ఆ చోటికి వెళ్లకండి.

మైలురాయి:

స్టార్ సంగతి నేను చెప్తాను, ఈ గైడ్ల చరిత్ర నాకు చాలా ఇష్టమైన విషయం.

మిషలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లు నడిపేవాళ్ల కోసం ఆ గైడ్ మొదలుపెట్టింది. 1926లో మంచి భోజనం దొరికే చోట్లకి స్టార్ ఇవ్వడం, 1931లో ఒకటి, రెండు, మూడు అని అంచెలు వచ్చాయి. అర్థాలు 1936లో చెప్పారు: రెండు స్టార్లంటే దారి మళ్లి అయినా వెళ్లదగ్గది, మూడంటే దానికోసమే ప్రయాణం కట్టదగ్గది. చూడండి, భాషంతా ప్రయాణం భాషే. అందుకే పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉండే ఇన్‌లకి ఆ గైడ్‌లో మొదట్నుంచీ పెద్ద చోటు ఉంది. ఫ్రాన్స్‌లో ఇల్హాయెజర్న్ అనే పల్లెలో ఉన్న ఒబెర్జ్ ద లిల్ 1967 నుంచి 2019 దాకా మూడు స్టార్లు నిలబెట్టుకుంది. ఇంగ్లండ్‌లో కార్ట్‌మెల్ అనే చిన్న ఊళ్లో ఒకప్పటి కమ్మరి కొలిమిలో సైమన్ రోగన్ 2002లో లాంక్లూమ్ తెరిచారు (ఫ్రెంచిలో ఆ మాటకి దాగలి అని అర్థం), 2022లో మూడో స్టార్ వచ్చింది. అమెరికాలో వర్జీనియాలోని వాషింగ్టన్ అనే బుల్లి ఊళ్లో (రాజధాని కాదు) ప్యాట్రిక్ ఓకానెల్ 1978లో ఒక పాత గ్యారేజీలో మొదలుపెట్టిన ది ఇన్ ఎట్ లిటిల్ వాషింగ్టన్‌కి మూడు స్టార్లు 2018లో వచ్చాయి, అంటే 40 ఏళ్లకి. మీ అమ్మానాన్నల పెళ్లికి ఎన్నేళ్లో సరిగ్గా అన్నేళ్లు! అక్కడ పూర్తిగా శాకాహారులకే ఒక టేస్టింగ్ మెనూ కూడా పెడుతున్నారు. కాబట్టి ఈ స్థాయి వంటగదికి కూరగాయలతో పూర్తి భోజనం చేయడం రాదన్న మాటే లేదు, ఎవరైనా కుదరదంటే ఒప్పుకోకండి.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. స్టార్ ప్లేటులో ఉన్న తిండికి మాత్రమే. కుర్చీ మెత్తగా ఉందా, సర్వర్ మర్యాదగా ఉన్నాడా, హాలు గోలగా ఉందా అన్నది స్టార్ లెక్కలోకి రాదు. ఇన్‌స్పెక్టర్లు పేరు చెప్పకుండా వచ్చి బిల్లు కట్టి వెళ్తారు, వాళ్లు చూసేవాటిలో నిలకడ ఒకటి, అంటే ఏ రోజు వెళ్లినా అదే నాణ్యత ఉందా అని. అంతవరకు నమ్మొచ్చు. అది కూడా ఏటేటా మళ్లీ చూస్తారు, శాశ్వతం కాదు. ఫ్రాన్స్‌లో పేరుమోసిన షెఫ్ పోల్ బొక్యూజ్ రెస్టారెంటు 1965 నుంచి నిలబెట్టుకున్న మూడు స్టార్లలో ఒకటి 2020లో పోయింది, ఆయన చనిపోయిన రెండేళ్లకి. కాబట్టి షెఫ్ ఈమధ్య మారారా అన్నది కనుక్కోండి, నా దృష్టిలో స్టార్ కన్నా అది ముఖ్యం.

చినుకు77:

నేను కొంచెం వేరేలా చెప్తాను, ఏమనుకోకండి. 71 ఏళ్ల మనిషిని నడుంనొప్పితో మూడున్నర గంటలు కుర్చీలో కూర్చోబెట్టడం అవసరమా అని ఆలోచించండి. ఏడు కోర్సులంటే నిజానికి ఏడు కాదు, మొదట్లో వచ్చే చిన్న చిన్న ముద్దలు, మధ్యలో నాలుక శుభ్రపడడానికి ఒక చెంచాడు ఐసు, చివర్లో కాఫీతో స్వీట్లు అన్నీ కలిపితే పది పన్నెండు సార్లు ప్లేట్లు మారతాయి. మా అత్తగారిని అలాగే ఒక చోటికి తీసుకెళ్లాం, ఆవిడ ఐదో కోర్సుకే అలిసిపోయారు, మిగిలినవన్నీ ముట్టుకోకుండా వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆవిడ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది. మేం పిల్లలం మా సరదా కోసం పెద్దావిడని కష్టపెట్టామనిపించింది.

తర్వాతి ఏడాది అదే చోటికి మధ్యాహ్నం తీసుకెళ్లాం. అదే వంటగది, అదే షెఫ్, మూడు కోర్సులు, గంటన్నరలో అయిపోయింది. కిటికీ పక్కన వెలుతురు, హాలు సగం ఖాళీ, సర్వర్‌కి మాట్లాడే తీరిక. ఆవిడ మెనూ కార్డు అక్షరం అక్షరం చదివి మరీ ఆర్డర్ చేశారు. రాత్రి ఆ మసక దీపాల్లో పెద్దవాళ్లకి ఆ కార్డు కనపడదండి, ఇది ఎవరూ ఆలోచించరు. మీరు వెళ్లే చోట లంచ్ ఉంటే నా ఓటు దానికే. అన్ని చోట్లా ఉండదు, చాలా ఇన్‌లు వారాంతాల్లోనే లంచ్ పెడతాయి.

నడిరాత్రి_రైలు:

గది తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. రాత్రి పదిన్నరకి చిన్న ఊళ్లో టాక్సీ దొరకదు. ఎవరో ఒకరు డ్రైవ్ చేయాలంటే ఆ మనిషి వైన్ ముట్టుకోకూడదు, భోజనం మధ్యలో టైమ్ చూసుకుంటూ కూర్చోవాలి. గది తీసుకున్నవాళ్లకి టేబుల్ దొరకడం కూడా సులువు, చాలా ఇన్‌లు తమ గదుల్లో దిగినవాళ్లకి కొన్ని టేబుళ్లు అట్టిపెడతాయి. పైగా నాన్నగారు అలిసిపోతే మెట్లెక్కి పడుకోవచ్చు, మిగతావాళ్లు నింపాదిగా తినొచ్చు. చినుకు77 గారు చెప్పిన ఇబ్బంది దీంతో సగం తీరుతుంది.

పొద్దున టిఫిన్ వదులుకోకండి. రాత్రి 30 మందికి వండే చోట గుడ్డు, బ్రెడ్, వెన్న లాంటి మామూలు వస్తువులు ఎంత శ్రద్ధగా చేస్తారో పొద్దున తెలుస్తుంది. నాకు గుర్తుండిపోయిన భోజనాల్లో రెండు ఇలాంటి టిఫిన్లే.

డబ్బు విషయం కూడా: బుకింగ్‌కి కార్డు నంబర్ తీసుకుంటారు, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే డబ్బు కోయరో చదువుకోండి. 34 సీట్లున్న చోట నలుగురు రాకపోతే ఆ రాత్రి లాభమంతా పోయినట్టే, అందుకే కఠినంగా ఉంటారు, దాన్ని తప్పు పట్టలేం. సర్వీస్ ఛార్జ్ బిల్లులోనే కలిపారా లేదా ముందే చూసుకోండి, రెండుసార్లు ఇవ్వక్కర్లేదు. వైన్ పెయిరింగ్ (కోర్సులకి తగ్గట్టు వాళ్లే ఎంచి పోసే వైన్లు) అందరికీ తీసుకోవాలనేం లేదు, ఒక్కరికి తీసుకుని ఇద్దరు పంచుకుంటామంటే చాలాచోట్ల ఏమీ అనుకోరు, మా ఇద్దరం ఎప్పుడూ అంతే.

వెన్నెలదారి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. పాతవంటిల్లు గారూ, మీరు చెప్పినట్టే మూడున్నరకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినావిడ నేను చెప్పిందంతా రాసుకుని, గుడ్డు గురించీ జెలటిన్ గురించీ ఆవిడే తిరిగి అడిగారు. రెండ్రోజుల్లో అమ్మకి పెట్టే ఏడు కోర్సులూ మెయిల్లో వచ్చాయి! లంచ్ వాళ్ల దగ్గర లేదు, ఒకవేళ ఉంటే చినుకు77 గారి మాటే వినేవాళ్లం. 6:15కి టేబుల్, పైన రెండు గదులు తీసుకున్నాం. నాన్న చెవి సంగతి చెప్తే గోడవైపు టేబుల్ ఇస్తామన్నారు.

ఇంకొక్క సందేహం. అక్కడ ఏదైనా బాగోలేకపోతే ఎలా చెప్పాలి? మా ఇంట్లో అందరికీ మొహమాటం ఎక్కువ.

పాతవంటిల్లు:

ఆ క్షణమే చెప్పండి, రెండో ముద్దకే. ప్లేటు ఖాళీ చేశాక చెప్తే లోపలివాళ్లకి చేయడానికి ఏమీ మిగలదు. గట్టిగా అనక్కర్లేదు, "ఇది ఉప్పగా ఉందండి, ఒకసారి చూస్తారా" అంటే చాలు. అలా వెనక్కొచ్చిన ప్లేటుని మేం రుచి చూసేవాళ్లం, నిజంగానే తప్పయితే అదే వంటకం వెళ్లబోయే మిగతా టేబుళ్లని కూడా ఆపి సరిచేసేవాళ్లం. చెప్పినవాళ్ల వల్ల ఇంకో పదిమందికి మంచి ప్లేటు వెళ్లేది. భోజనం అంతా ఊరుకుని ఇంటికెళ్లాక ఆన్‌లైన్‌లో ఒక స్టార్ రేటింగ్ ఇచ్చినప్పుడే మాకు బాధ కలిగేది.

వెన్నెలదారి:

వెళ్లొచ్చాం, అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

అమ్మకి విడిగా మెనూ కార్డు అచ్చువేసి పెట్టారు, పెద్ద అక్షరాలతో. మాకు చేపల సూప్ పోస్తున్నప్పుడు ఆవిడకి పుట్టగొడుగుల సూప్ పోశారు, అదే రకం గిన్నెలో, అదే క్షణంలో. మాకు మాంసం వచ్చిన చోట ఆవిడకి ఒక దుంపని ఉప్పు ముద్దలో పెట్టి కాల్చి, టేబుల్ దగ్గరే పగలగొట్టి, కోసి పెట్టారు. నాన్న తన ప్లేటు వదిలేసి అటే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడా ఇరవై నిమిషాలకి మించి ఆగలేదు.

అయితే నాలుగో కోర్సులో అమ్మకి వచ్చిన సాస్ బాగా ఉప్పగా ఉంది. నేను సర్వర్ కోసం చూస్తుండగానే అమ్మ తనే అతన్ని పిలిచి, "బాబూ, ఇందులో ఉప్పు ఎక్కువైంది, మిగతాదంతా బాగుంది" అంది. మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. అతను ప్లేటు తీసుకెళ్లాడు, మా ముగ్గురి ప్లేట్లూ కూడా తీసుకెళ్లి వేడిగా ఉంచి, ఎనిమిది నిమిషాల్లో నాలుగూ కలిపి తెచ్చాడు. షెఫ్ కూడా బయటికి వచ్చి అమ్మకి థ్యాంక్స్ చెప్పి వెళ్లారు.

నాన్న ఆరో కోర్సు దాకా కూర్చుని ఇక చాలన్నారు. ఆయన డెజర్ట్ గదికి పంపించారు, మేం పైకి వెళ్లేసరికి ఆ ప్లేటు ఖాళీగా ఉంది. ఒక్కటే లోటు, లిఫ్ట్ లేదు, గది రెండో అంతస్తులో ఇచ్చారు, నాన్న మెట్లు ఎక్కడానికి ఇబ్బంది పడ్డారు. ఫోన్లో అన్నీ అడిగి ఇది అడగడం మర్చిపోయాను. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది గది ఉందో లేదో ముందే కనుక్కోండి.

చినుకు77:

అమ్మగారు తనే పిలిచి చెప్పారన్న దగ్గర ఆగి రెండోసారి చదివాను. చాలా సంతోషంగా ఉందండి. పొద్దున టిఫిన్ ఎలా ఉంది?

వెన్నెలదారి:

బ్రెడ్ అప్పుడే పొయ్యిలోంచి తీసి తెచ్చారు, వెన్న వాళ్లే చిలికిందట. అమ్మ రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.